అబ్బోగారి మూడు వేల కార్డులు

మా బాబాయికి ఒకే ఒక్క జబ్బు. ఏ మాట చెవిన పడ్డా, అదే మాట ఇంకో భాషలో ఏమవుతుందో చెప్పేదాకా ఆయనకు ముద్ద దిగదు. చెప్పి ఊరుకుంటే బాగానే ఉండును. చెప్పాక రెండు చేతులూ పైకి లేపి, కళ్ళు ఇంతింత చేసుకుని, "అబ్బో!" అంటాడు. ఆ సంగతి తనకూ ఆ క్షణమే తెలిసినట్టుంటుంది ఆ అనడం. అందుకే ఆస్పత్రిలో వాచ్‌మన్ దగ్గర్నుంచి సర్జన్ దాకా అందరూ ఆయన్ను అబ్బోగారనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు.

ఆయన మా నాన్నకు స్వయానా తమ్ముడు. ఓడరేవుకు ఎదురుగా ఉన్న పెద్దాస్పత్రిలో ఇరవై రెండేళ్ళుగా రికార్డుల గదికి ఇన్‌చార్జి. నేను అదే గదిలో గుమాస్తాని. కాబట్టి ఈ జబ్బును ఇంట్లోనూ చూశాను, ఆఫీసులోనూ చూశాను. మందు లేదని రెండు చోట్లా రూఢి అయింది.

ముందు పిన్ని సంగతి చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆరేసిన దుప్పటి మీద కాకి వాలిందట. "ఏవండీ, కాకి వాలింది, కాస్త తోలండి" అంది పిన్ని. పాపం, ఆవిడకేం తెలుసు.

"కాకి!" అన్నాడు బాబాయి కుర్చీలోంచి లేచి. "మలయ్ వాళ్ళకు కాకి అంటే కాలు, తెలుసా? జపాను వాళ్ళకు కాకి అంటే ఒక పండు!"

"ఆ కాలూ ఆ పండూ తర్వాత చూద్దురుగాని. దుప్పటండీ!"

"ఒక్క మాట, మూడు దేశాలు, మూడు పుట్టుకలు. ఒకదాన్నొకటి చూసిన పాపాన పోలేదు. అబ్బో!"

అప్పటికి కాకి తన పని కానిచ్చుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ పిన్ని ఆయన ముందు వస్తువుల పేర్లు పలకడం మానేసింది. "అది తీసి దానిమీద పెట్టి, ఇది కట్టెయ్యండి" అంటుంది. కొత్తవాళ్ళు వింటే ఇంట్లో ఏదో రహస్యం నడుస్తోందనుకుంటారు. బాబాయి మాత్రం తడుముకోకుండా గిన్నె తీసి గట్టు మీద పెట్టి స్టవ్ కట్టేస్తాడు. ముప్ఫై ఏళ్ళ కాపురం మరి.

సెలూన్ అతనికి అంత ముందుచూపు లేదు. ఒకసారి బాబాయికి ఒక చెంప గీసి, రెండో చెంపకు నురగ పూస్తూ, "రాత్రి భలే కలొచ్చిందండీ" అన్నాడు. బాబాయి కత్తికి అడ్డంగా తల తిప్పాడు.

"కలా? ఫిన్లాండు వాళ్ళ భాషలో కల అంటే చేపయ్యా! మనం కంటాం, వాళ్ళు వేయించుకుని తింటారు!"

"సార్, కదలకండి, గొంతు తెగుతుంది!"

"అది సరే, నీకొచ్చినదానికి పొలుసులున్నాయా లేవా?"

ఆశ్చర్యపడడానికి సెలూన్‌లో ఉన్న ఇద్దరూ చాలక, నురగతోనే పక్క టైలరు షాపుకీ, అక్కణ్ణుంచి బస్టాపుకీ వెళ్ళాడు. అటునుంచటే ఆస్పత్రికి వచ్చేశాడు. కొత్తగా చేరిన నర్సు ఆయన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళి చర్మవ్యాధుల క్యూలో నిలబెట్టింది. ఆయన బుద్ధిగా గంటసేపు నిలబడి, ముందున్న నలుగురికీ చేప సంగతి చెప్పాడు.

ఇదంతా చూసి, ఆయన లోకంలోని భాషలన్నింటినీ ఒకే చెట్టుకు కట్టేసే రకమనుకుంటే పొరపాటు. ఆ రకం ఎదురింటి లెక్కల మాస్టారు. ఒకనాడు పేపరు ఊపుకుంటూ వచ్చాడు.

"చూశారా, గ్రీకువాళ్ళు నీటిని నెరో అంటారట! అంటే మన నీరే కదా. వాళ్ళంతా మనవాళ్ళేనండీ!"

"కాదు మాస్టారూ. వాళ్ళ నెరో 'తాజా' అనే పాత మాట అరిగి అరిగి వచ్చింది. తాజా నీళ్ళు అనేవాళ్ళు. వాడగా వాడగా నీళ్ళు రాలిపోయి తాజా మిగిలింది. మన నీరు పుట్టిల్లు వేరు."

"పోలిక కళ్ళకు కొట్టినట్టు కనబడుతుంటే కాదంటారేం?"

"పోలిక వేరు, చుట్టరికం వేరు. రైల్లో అచ్చం మీ ముక్కున్నవాడు కనిపిస్తే ఇంట్లో వాటా రాసిస్తారా?"

మాస్టారు ముక్కు తడుముకుని, ఇవ్వనన్నాడు.

"నా ఆశ్చర్యం కూడా చుట్టరికం ఉన్నందుకు కాదు, లేనందుకే" అన్నాడు బాబాయి. గొంతు తగ్గింది. "మనిషి నోరెంత మాస్టారూ? ఒక నాలుక, రెండు పెదాలు, ముప్ఫై రెండు పళ్ళు. అవి కూడా మనలాంటివాళ్ళకు అన్నీ ఉండవు. ఇంత చిన్న కొట్లోంచి లోకంలో ఉన్న సమస్తానికీ పేర్లు తీయాలి. మనం పులి అనే చప్పుడు తీసి పెద్దపులికి పెట్టుకున్నాం. ఎక్కడో హంగరీలో ఒకడు అదే చప్పుడు తీసి గొర్రెలు కాసే కుక్కకు పెట్టుకున్నాడు. మనకు వాడు తెలియదు, వాడికి మనం తెలియదు. ఇద్దరి నోళ్ళూ మాత్రం ఒకేలా కదిలాయి."

నేను ఆ రోజు వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. చెప్పడానికి సిగ్గెందుకు, ఒళ్ళు ఝల్లుమంది. మాస్టారు కూడా కాసేపు పేపరు ఊపడం మానేశాడు.

ఇక ఆఫీసు. మంచాల కాళ్ళ దగ్గర రోగి వివరాలతో వేలాడదీసే కార్డులుంటాయి కదా, వాటి సైజు ఎప్పుడో మార్చారు. పాత సైజువి ఖాళీ కార్డులు బీరువా నిండా మిగిలిపోయాయి. బాబాయి వాటిమీద మాటలు రాసేవాడు. పైన మాట, కింద మన అర్థం, దాని కింద వాళ్ళ అర్థం, మూలన ఒక మంచం నంబరు, మూడు తేదీలు. రాసిన కార్డులు చెప్పుల పెట్టెల్లో పడేసేవాడు.

మంచం నంబరెందుకంటారా? ఓడరేవు ఆస్పత్రి. ఏ దేశపు ఓడ ఆగినా, కాలు విరిగినవాడో జ్వరం తగిలినవాడో ఒకడు మా వార్డులో దిగుతాడు. వాడికోసం ఓడ ఆగదు, వెళ్ళిపోతుంది. బాబాయి సాయంత్రం చూడ్డానికొచ్చేవాళ్ళ వేళలో ఆ మంచాల దగ్గర కుర్చీ వేసుకుని మాటలు అడిగేవాడు. ఆయనకొక నియమం. పుస్తకంలో చూసిన మాట లెక్కలోకి రాదు. ఆ భాషలో పుట్టినవాడి నోట, మూడు సాయంత్రాలు వరసగా వినాలి.

"మొదటిరోజు మనకోసం స్పష్టంగా పలుకుతారమ్మడూ. రెండోరోజు మొహమాటానికి పలుకుతారు. మూడోరోజు అసలు గొంతు వస్తుంది" అనేవాడు.

ఈ తిరుగుడుకు పాత సూపరింటెండెంటు ఎప్పుడో 'పరిశోధన' అని పాస్ ఇచ్చి పుణ్యం కట్టుకున్నాడు. హెడ్ నర్సు మాత్రం ఆ పాస్‌ను చూసినప్పుడల్లా పళ్ళు నూరేది.

"అబ్బోగారూ, ఇది వార్డు, మీ బడి కాదు. నిన్న పదిహేనో మంచం రాత్రి భోజనం వేళ దాకా ఒకటే నవ్వు. కుట్లు ఊడితే ఎవరిది పూచీ?"

"పదిహేనో మంచం కాదు సిస్టర్, జార్జియా ఆయన. వాళ్ళ భాషలో మామ అంటే నాన్నట. మా మామయ్య బతికుంటే..."

"మీరు ముందు ఆ మంచం మీంచి లేవండి!"

అలాంటి రోజుల్లో ఆరో మంచంలోకి ఓడ వడ్రంగి వచ్చాడు. అరవై దాటిన ఫిన్లాండు మనిషి. నిచ్చెన మీంచి పడి తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ, ఆయన ఓడ వెళ్ళిపోయిందని తెలిసిన రోజునుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తొమ్మిది రోజులు ఒక్క మాట లేదు. పళ్ళెం పెట్టింది పెట్టినట్టే వెనక్కి వచ్చేది. ఇలాగే ఉంటే మనిషి దక్కడని డాక్టర్లు చెప్పుకోవడం నేను విన్నాను.

పదో రోజు సాయంత్రం ఫైలు సంతకానికి వెళ్తే, బాబాయి ఆయన మంచం పక్కన కాగితం మీద కోతి బొమ్మ వేస్తున్నాడు. బొమ్మలో బాబాయి చేయి తిరిగినవాడు కాదు. తోక లేకపోతే హెడ్ నర్సు అనుకునేవాళ్ళు. కాగితాన్ని గోడకూ ఆయన మొహానికీ మధ్య పెట్టి, వేలితో చూపిస్తూ "కోతి" అన్నాడు.

ముసలాయన కళ్ళు కదిలాయి. కాసేపటికి, తొమ్మిది రోజులు వాడని గొంతుతో, "కోతి?" అన్నాడు. బాబాయి తలూపాడు. ఆయన కాదు కాదన్నట్టు చేయి ఊపి, పెన్సిలు లాక్కుని, కోతి పక్కన గీతలు గీయడం మొదలుపెట్టాడు. వడ్రంగి గీతలు, స్కేలు పెట్టినట్టున్నాయి. రెండు కిటికీలు, మెట్లు, తలుపు, పొగగొట్టం. దాన్ని చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకుని, "కోతి" అన్నాడు.

"ఇల్లా! మీ భాషలో కోతి అంటే ఇల్లా! అబ్బో!" బాబాయి రెండు చేతులూ పైకి లేచాయి, కళ్ళద్దాలు ముక్కు కొసకు జారాయి. మంచం మీది మనిషి ఆ వాలకం చూసి నవ్వాడు. ఆ రాత్రి సూపు గిన్నె ఖాళీగా వచ్చిందని విని నాకు ప్రాణం లేచొచ్చింది.

రెండో సాయంత్రం ఆయన బొమ్మలో తలుపు దగ్గర ఒక మనిషిని గీశాడు. మూడో సాయంత్రానికి ముందే, ఆ రాత్రే పిడుగు పడింది. కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు, పెద్ద డాక్టరమ్మ, ఉత్తర్వు వేసింది: రోగుల చుట్టాలు తప్ప ఎవరూ సాయంత్రం వార్డులోకి రాకూడదు. పరిశోధన అనేవాళ్ళు ఇన్నాళ్ళలో తేలిందేమిటో మర్నాడు పదింటికి తెచ్చి చూపించాలి. లేకపోతే పాస్ రద్దు. ఫిర్యాదు చేసింది హెడ్ నర్సేనని వేరే చెప్పాలా.

"అమ్మడూ, ఆ కార్డులు కాస్త సర్దిపెట్టు" అన్నాడు బాబాయి. "పాస్ పోతే మూడో సాయంత్రం పోతుంది. రేపు నేను రాకపోతే ఆయన మళ్ళీ గోడవైపు తిరుగుతాడు."

పెట్టెలన్నీ దించి కూర్చున్నాను. లెక్కపెడితే మూడు వేల నూట ఎనిమిది కార్డులు. అక్షరక్రమంలో పేర్చుకుంటూ వెళ్తే 'క' దగ్గర చేయి ఆగింది. కోతి, అర్థం ఇల్లు. దాని కింద కోతి, అర్థం ఇల్లు. మళ్ళీ కోతి. మొదటిది పంతొమ్మిదేళ్ళ నాటిది. మొత్తం నలభై ఒక్క కోతులు. కాకులు అరవై రెండు. చేపకు లెక్కే లేదు.

అంటే నిన్న ఆరో మంచం దగ్గర ఎగిరి గంతేసిన మాట ఆయనకు పంతొమ్మిదేళ్ళ కిందటే తెలుసు. తెలిసి మర్చిపోతున్నాడు. మర్చిపోయి మళ్ళీ అడుగుతున్నాడు. బాబాయికి మతిమరుపు మొదలై ఎన్నాళ్ళయిందో, మేం గమనించనే లేదు. ఈ సంగతి పెద్ద డాక్టరమ్మ కళ్ళబడితే పాస్ ఏమిటి, ఉద్యోగమే పోతుంది.

రికార్డుల గదిలో మాకు మొదట నేర్పే పాఠం ఒకటుంది: ఒకే మనిషికి రెండు ఫైళ్ళుంటే ఒకటి ఉంచి రెండోది తీసెయ్యాలి. ఆ పాఠమే నా కొంప ముంచింది. ఒక్కో మాటకు ఒక్కో కార్డు ఉంచి, మిగతావన్నీ మూడు సంచుల్లో కుక్కి, పాత కాగితాల బండికి వెనకగేటు దగ్గర పెట్టించాను. చివరికి ముచ్చటైన ఒక్క పెట్టె మిగిలింది, రెండు వందల పన్నెండు కార్డులు. బాబాయి పరువు కాపాడానని తెగ సంతోషపడ్డాను.

మర్నాడు పదింటికి పెద్ద డాక్టరమ్మ ఆ పెట్టెలో వేలు పెట్టి అటూ ఇటూ తిప్పింది.

"ఇంతేనా?"

"అంతే మేడమ్" అన్నాను నేనే ముందుగా.

"ఇరవై రెండేళ్ళలో రెండు వందల పన్నెండు మాటలా? నెలకొకటి కూడా పడలేదే. దీనికోసం రోజూ వార్డులో తిరగాలా?"

బాబాయి ముందుకు వంగి పెట్టెలోకి చూశాడు. మొహం పాలిపోయింది. నావైపు తిరిగి, "అమ్మడూ, మిగతావాళ్ళేరీ?" అన్నాడు.

మిగతావి అనలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఒకటే మాట మళ్ళీ మళ్ళీ ఉంటే... తీసేశాను బాబాయ్" అన్నాను.

అప్పుడు తలుపు తోసుకుని హెడ్ నర్సు వచ్చింది. ఒక చేత్తో నా సంచుల్లో ఒకటి ఈడ్చుకొస్తోంది, రెండో చంకలో వార్డు సందర్శకుల రిజిస్టరుంది. మిగతా రెండు సంచులూ గుమ్మం బయట ఉన్నాయి.

"మంచం నంబరున్న కాగితం ఏదైనా సరే, నేను చూడకుండా గేటు దాటకూడదు. ఈ సంగతి రికార్డుల గదివాళ్ళకు ఒకరు చెప్పాలా?" అని నన్నొక చూపు చూసింది. తర్వాత సంచిని బల్లమీద బోర్లించింది. కార్డులు పెద్ద డాక్టరమ్మ ఒళ్ళోకి కూడా జారాయి.

"ఫిర్యాదు చేసినదాన్ని నేనే మేడమ్. అందుకని చెప్పాల్సిందీ నేనే. పొద్దుట్నుంచి ఈ కార్డుల్ని నా రిజిస్టరుతో పోల్చి చూస్తున్నాను. ఈ మంచం, ఈ తేదీ: చూడ్డానికి వచ్చినవాళ్ళు సున్నా. ఇదిగో, ఇదీ సున్నా. మూడు వందల కార్డులు చూశాను. ఒక్కదాంట్లో కూడా, ఒక్క చుట్టం వచ్చినట్టు లేదు. నాకు నవ్వులే వినబడ్డాయి గానీ, ఎవరు నవ్వుతున్నారో చూసుకోలేదు."

పెద్ద డాక్టరమ్మ ఒళ్ళోంచి ఒక కార్డు తీసి చదివింది, ఇంకోటి తీసింది. అన్నీ కోతులే.

"తెలిసిన మాటనే నలభైసార్లు ఎందుకు అడిగారండీ?"

బాబాయి దొంగతనం బయటపడ్డవాడిలా నేలచూపులు చూశాడు. "అమ్మా, మంచంలో పడ్డవాడికి అందరూ ఇచ్చేవాళ్ళే. మీరు మందిస్తారు, సిస్టరు సూదిస్తుంది, వంటవాడు సూపిస్తాడు. వాడి దగ్గర పుచ్చుకునేవాడు ఒక్కడూ ఉండడు. ఇవ్వడానికి తన దగ్గరేమీ మిగల్లేదనుకున్నవాడే గోడవైపు తిరుగుతాడు. మాటైతే ఎవరి దగ్గరైనా ఉంటుంది కదా. నేను వెళ్ళి పుచ్చుకుంటాను. 'అది నాకు తెలుసులే' అన్నానంటే ఇచ్చిన చెయ్యి వెనక్కి నెట్టినట్టే."

"అయితే ఆ అబ్బో అంతా నటనన్నమాట."

"రామ రామ!" బాబాయికి నిజంగానే కోపం వచ్చింది. "నటనెందుకమ్మా? నాకు తెలిసింది మాట. ఆయన ఇల్లు నాకు తెలియదుగా. నలభై ఒక్క మందీ కోతి అనే అన్నారు. నలభై ఒక్క ఇళ్ళు గీశారు. ఒకదానికి పొగగొట్టముంటుంది, ఒకదానికి పడవ కట్టేసి ఉంటుంది. ఏ రెండూ ఒక్కటి కాదు."

నేను ఏరిపారేసింది ఏమిటో అప్పటికి నాకు తెలిసొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. అంతకు రెట్టింపు, ఇన్నేళ్ళుగా పక్క కుర్చీలో కూర్చున్న ఈ మనిషిని చూసి నోరు తెరుచుకుని ఉండిపోయాను. మతిమరుపు ఆయనకా?

పెద్ద డాక్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. "పరిశోధన పూర్తయిందా, లేదా?"

"లేదమ్మా."

"పూర్తి కాని పరిశోధనను ఆపే అధికారం నాకు లేదు. కొనసాగుతోంది అని రాసివ్వండి. ఎప్పటికి పూర్తవుతుందని రాస్తారు?"

"ఆస్పత్రి మూసేసిన మర్నాటికమ్మా."

ఆవిడ నవ్వుతూ సంతకం పెట్టింది. హెడ్ నర్సు సంచి ఎత్తుకుంటూ, "మంచం మీద మాత్రం కూర్చోకూడదు" అని గట్టిగా చెప్పి వెళ్ళింది.

ఆ సాయంత్రం బాబాయి ఆరో మంచం దగ్గర కూర్చున్నాడు, కుర్చీలోనే. వడ్రంగి దిండుకు ఆనుకుని తన ఇంటికి కొత్త గది కడుతున్నాడు. నేను ఆడవాళ్ళ వార్డుకు వెళ్ళాను. పదకొండో మంచంలో పోలండు నుంచి వచ్చిన ఒకావిడ మూడు వారాలుగా ఉంది. ఓడలో బట్టలుతికే మనిషట. పక్కన ఉన్న కుర్చీలో ఎవరూ కూర్చోగా చూడలేదు. ఆవిడ భాష కార్డులు తొమ్మిది చదువుకునే వెళ్ళాను. 'పని' అంటే వాళ్ళకు అమ్మగారు, మేడమ్ అని అర్థం.

చీపురు పట్టి ఊడుస్తున్నట్టు, బట్టలుతుకుతున్నట్టు చేసి చూపించి, "పని" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఆశ్చర్యపోవడానికి నేను ముందే తొందరపడి, "అబ్బో" అన్నాను. అది ఎక్కిళ్ళలా వచ్చింది. ఆవిడ ఫక్కున నవ్వింది. తర్వాత తల అడ్డంగా ఊపుతూ లేచి కూర్చుంది. జుట్టు చేత్తో వెనక్కి దువ్వుకుంది, దుప్పటి మడత సరిచేసింది, వీపు నిటారుగా పెట్టి, చేతులకు లేని గ్లవ్స్ ఒక్కో వేలూ తొడిగింది. గడ్డం పైకెత్తి, బొటనవేలితో తన గుండెను చూపించుకుని, "పని" అంది.

మూడు వారాలుగా మేమంతా ఆవిడను పదకొండో మంచం అంటున్నాం. నేను ఏ కార్డులోనూ చదవనిది నా ఎదురుగా కూర్చుని ఉంది. నా చేతులు వాటంతటవే పైకి లేచాయి.

"అబ్బో!"

బయటికొచ్చి నడవాలో నిలబడి కార్డు రాస్తుంటే బాబాయి వచ్చి భుజం మీంచి తొంగి చూశాడు.

"ఏమిటమ్మడూ, పాత మాటేనా?"

"కాదు బాబాయ్, కొత్తదే. ఇంకా రెండు సాయంత్రాలు వినాలి."